సైనిక సీటు సాధన సమితి

వినీల గుప్పెడు రొయ్యలు ఒలిచేలోగా మిలటరీ ఆఫీసరు అయిపోయింది. ఆ సంగతి ఆమెకు తప్ప లంకపాలెం మొత్తానికి తెలుసు.

పెరట్లో గచ్చు మీద తల్లి లోవమ్మకు ఎదురుగా కూర్చుని, తల తుంచి, పొట్టు లాగి, వీపు మీది నల్ల నరం తీసి గిన్నెలో వేస్తూ, మధ్యలో ఒకసారి చెయ్యి కడుక్కుని ఫోను చూసింది.

"రాత పరీక్ష పాసయ్యానమ్మా" అంది.

"గిన్నెలో నీళ్ళు మార్చు, వాసన పట్టేస్తున్నాయి" అంది లోవమ్మ. ఆమెకు సంతోషం కలిగితే అలాగే మాట్లాడుతుంది.

ఈ రెండు మాటల్లో మొదటిది దడికి అవతల బట్టలు ఆరేస్తున్న బేబీ చెవిన పడింది. బేబీ పక్కింట్లో చెప్పినప్పుడు వినీలకు మిలటరీలో ఉద్యోగం వచ్చింది. వీధి చివరికి చేరేసరికి లెఫ్టినెంటు అయింది. ఐసు ఫ్యాక్టరీ దగ్గర మేజరు అయింది. రేవులో పంటు ఎక్కినవాళ్ళు ఆమెను కల్నలుగా గోదావరి అవతలి ఒడ్డుకు తీసుకుపోయారు. భారత సైన్యంలో ఇంత త్వరగా పదోన్నతులు పొందినవారు మరొకరు లేరు. గిన్నెలో రొయ్యలు ఇంకా సగం మిగిలే ఉన్నాయి.

ఉన్న సంగతి ఇది. ఇంటర్ చదివిన పిల్లలు పుణె దగ్గరున్న నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరాలంటే ముందు రాత పరీక్ష పాసవ్వాలి. తర్వాత బెంగళూరులాంటి చోట కొన్ని రోజులపాటు ఇంటర్వ్యూ. ఆ తర్వాత వైద్య పరీక్ష. ఆ తర్వాత దేశం మొత్తానికి కలిపి ఒక జాబితా వేస్తారు. అందులో పేరుంటే అప్పుడు చేర్చుకుంటారు. ఆడపిల్లల్ని తీసుకోవడం ఈమధ్యనే మొదలైంది, సీట్లు బహు కొద్ది. వినీల మొదటి మెట్టు ఎక్కింది. మిగతా మెట్లు ఆమె తరఫున ఊరు ఎక్కేసింది.

సాయంత్రానికి అరుగు నిండిపోయింది. వచ్చినవాళ్ళందరూ అభినందించారు. అభినందించిన వెంటనే గొంతు తగ్గించి ఒకే ప్రశ్న అడిగారు. ఎలా చదివావని కాదు, ఎన్నిసార్లు రాశావని కాదు.

"ఎవరిచేత చెప్పించారు?"

"ఎవరిచేతా చెప్పించలేదండి" అంది వినీల.

అరుగు మీద ఒక్కసారిగా ఇబ్బంది కమ్ముకుంది. లంకపాలెంలో రేషను కార్డు చెప్పిస్తే వచ్చింది. కరెంటు స్తంభం చెప్పిస్తే నాలుగడుగులు పక్కకు జరిగింది. టౌను ఆసుపత్రిలో మంచం చెప్పిస్తే దొరికింది, ఆ మంచం మీదాయన మాత్రం ఎవరూ చెప్పకుండానే పోయాడు. పిల్లవాణ్ణి బడిలో ముందు బెంచీలో కూర్చోబెట్టడానికి చెప్పించినవాళ్ళు ఉన్నారు, పోయినవారి కర్మకాండ భోజనాల్లో వడ్డించేవాడు తమ విస్తరి దగ్గరికి ముందుగా రావడానికి చెప్పించినవాళ్ళూ ఉన్నారు. అలాంటి ఊళ్ళో ఒక పిల్ల ఎవరిచేతా చెప్పించకుండా పాసైందంటే అది పెద్దల్ని లెక్కచెయ్యకపోవడమే. అయితే లంకపాలెం జనం మంచివాళ్ళు. పిల్ల మీద అంత నింద వెయ్యలేక, "దాస్తోందిలే, పేరు బయటపెట్టొద్దన్నారేమో" అని సర్దుకుని కాఫీలు తాగి వెళ్ళారు.

ఈ పరిణామాల్లో అందరికన్నా ఎక్కువ మారినవాడు వినీల తండ్రి. ఆయనకు ఒక పడవ, రెండు వలలు ఉన్నాయి. నిన్నటిదాకా ఊళ్ళో చిన్నా పెద్దా "ఒరే భీమరాజూ" అనే పిలిచేవారు. ఆ సాయంత్రం ఎవరో "భీమరాజు గారూ" అన్నారు. ఆయన వెనక్కి తిరిగి ఎవర్ని పిలుస్తున్నారోనని చూశాడు. తననేనని తెలిశాక మళ్ళీ ముందుకు తిరిగాడు, కానీ తిరిగింది పాత భీమరాజు కాదు. మర్నాడు వేటకు వెళ్ళలేదు. చొక్కా వేసుకుని రేవు దాకా నడిచి, ఎవరెవరు గారు అంటున్నారో చూసుకుని భోజనానికి వచ్చాడు.

వారం తిరక్కుండా ఉదయభాస్కర్ గారు రంగంలోకి దిగారు. ఆయన మాజీ సర్పంచి. రెండు ఎన్నికలు వరసగా ఓడిపోయినా ఊరు ఆయన్ని ప్రెసిడెంటు గారనే పిలుస్తుంది. గెలిచినాయన్ని సురేష్‌బాబు అని పేరు పెట్టి పిలుస్తుంది. ఇద్దరికీ మాటల్లేవు. కానీ దేశరక్షణ విషయం కాబట్టి ఇద్దరూ ఒకే బల్ల ముందు కూర్చోవడానికి అంగీకరించారు. పంచాయతీ ఆఫీసులో జరిగిన ఆ సమావేశంలో సైనిక సీటు సాధన సమితి ఏర్పడింది. గౌరవాధ్యక్షులుగా ఉదయభాస్కర్ గారు, అధ్యక్షుడిగా సురేష్‌బాబు, తర్వాత కార్యనిర్వాహక అధ్యక్షుడు, ఉపాధ్యక్షులు, కన్వీనరు, సహ కన్వీనర్లు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. మామూలు సభ్యుడిగా ఉండటానికి ఎవరూ ముందుకు రాకపోవడంతో ఆ స్థానం ఖాళీగా ఉంచారు. వినీలను ప్రత్యేక ఆహ్వానితురాలిగా తీర్మానించారు.

ప్రత్యేక ఆహ్వానితురాలు గుమ్మం పక్కన నిలబడి, అడిగితేనే మాట్లాడింది.

"సిఫారసులు కుదరవండి. ఎవరిచేతనైనా ఏ రకంగానైనా మద్దతు కూడగట్టుకున్న అభ్యర్థిని తీసేస్తారని రూల్సులో ఉందండి."

ఉదయభాస్కర్ గారు చిరునవ్వు నవ్వారు. చదువుకున్న పిల్లల అమాయకత్వం చూసినప్పుడల్లా ఆయనకు ఆ నవ్వే వస్తుంది.

"చూడమ్మాయ్. చెప్పించొద్దని ఎందుకు రాశారు? చెప్పించేవాళ్ళు ఉన్నారు కాబట్టే కదా. మన రేవులో 'ఇక్కడ చెత్త వెయ్యరాదు' అని బోర్డు ఎక్కడ పెట్టారు?"

"చెత్త ఉన్నచోటేనండి" అన్నాడు సురేష్‌బాబు. బోర్డు పెట్టించింది ఆయనే.

"మరింకేం. ఆ రూలు చూస్తేనే తెలుస్తోంది, లోపల ఎంత రద్దీగా ఉందో. మనం ఆలస్యం చేస్తున్నాం."

సభలో మిలటరీ గురించి తెలిసినవాడు ఒక్క అబ్బులు. హవల్దారుగా రిటైరై వచ్చి గొడుగులు, టార్చిలైట్లు అమ్ముకుంటున్నాడు. ఆయన లేచి నిలబడి, "అక్కడ అలా ఉండదండి ప్రెసిడెంటు గారూ. ఇంటర్వ్యూ జరిగే అయిదు రోజులూ వాళ్ళు చూసేదే చూస్తారు. మన కాగితాలు వెళ్తే పిల్లకే ముప్పు" అన్నాడు.

"నువ్వే ర్యాంకులో రిటైరయ్యావు అబ్బులూ?"

"హవల్దారునండి."

"అదీ సంగతి. ఒక్క మాట చెప్పించుకుని ఉంటే ఈపాటికి ఏమయ్యేవాడివో." సమితి అబ్బులుకు తన సానుభూతి తెలియజేసి తరువాతి అంశానికి వెళ్ళింది. అబ్బులు కూర్చున్నాడు.

ఆ వేసవంతా సిఫారసు ఉత్తరాలు వచ్చాయి. నియోజకవర్గ కార్యాలయం నుంచి మొదటిది వచ్చింది. పేదలకు ఇళ్ళ స్థలాల కోసం అచ్చు వేయించిన ఉత్తరాలు అక్కడ మిగిలి ఉన్నాయట, వాటిలో ఒకదాని మీద పేరు మార్చి ఇచ్చారు. కుమారి వినీలకు సముద్రమట్టానికి ఎత్తయిన ప్రదేశంలో సెంటున్నర స్థలం మంజూరు చేయవలసిందిగా సైన్యాధికారులను అందులో కోరారు. ఎత్తయిన ప్రదేశం అన్నారు కాబట్టి హిమాలయాలే అయి ఉంటాయని సమితి సంతృప్తి చెందింది. రొయ్యల కంపెనీ మేనేజరు, ఈమె తల్లి తమకు చాలాకాలంగా మెత్తబడని సరుకు తెస్తున్నందున కూతురు కూడా గట్టిదై ఉంటుందని ధ్రువీకరించాడు. ఊళ్ళో సూది మందు ఇచ్చే డాక్టరు గారు వినీలను పరీక్షించకుండానే, "ధైర్యం: సాధారణం కంటే ఎక్కువ" అని రాసి ముద్ర వేశారు. ఆమె ఏనాడూ చదవని ఒక ప్రైవేటు కాలేజీ, ఆమె తమ విద్యార్థినేనని ఉత్తరంతోపాటు తమ యూనిఫాం కూడా పంపింది, వేసుకుని ఫోటో దిగమని.

ప్రతి ఉత్తరం మీదా ఉదయభాస్కర్ గారు "చూశాను" అని రాసి సంతకం పెట్టేవారు. ఆ పక్కనే సురేష్‌బాబు "నేనూ చూశాను" అని రాసేవాడు.

ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. గౌరవాధ్యక్షులు రోడ్డు వైపు చెయ్యెత్తి నమస్కరిస్తున్నారు. అధ్యక్షుడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని దూరంగా చూస్తున్నాడు. మిగతా పదవుల వాళ్ళు వరసల్లో ఉన్నారు. పైన మూలల్లో రెండు యుద్ధవిమానాలు, ఒక సింహం. వినీల ఫోటో కింద ఎడమ మూలన, ఫ్లెక్సీ అచ్చువేసినవారి ఫోను నంబరు పక్కన ఉంది. ఆ నంబరు ఆమెదే అనుకుని ఫోను చేసి, "పాపగారూ, పెళ్ళికి రెండు ఫ్లెక్సీలు కావాలండి" అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు.

ఇంటర్వ్యూ తేదీ ఆగస్టులో వచ్చింది. గోదావరికి ఎర్రనీళ్ళు తగిలి పులసలు పడుతున్న రోజులు. సమితి అత్యవసరంగా సమావేశమై, బెంగళూరు వెళ్ళే అభ్యర్థినికి తోడుగా వ్యాను వేసుకుని తామందరూ వెళ్ళాలని నిర్ణయించింది. ఉత్తరాల ఫైలు స్వయంగా చేతికి ఇవ్వాలి. ఇక ఒకరి గుమ్మం తొక్కేటప్పుడు ఉత్త చేతులతో వెళ్ళడం ఈ జిల్లాల్లో లేదు. ఆత్రేయపురం పూతరేకులు, కాకినాడ కాజాలు, ఒక గోనె కొబ్బరి బొండాలు, ఐసు పెట్టెలో రెండు పులసలు అని రాసుకున్నారు. ఇంటర్వ్యూ చేసే కల్నలు గారు చేప తింటారో లేదోనని ఒక ఉపాధ్యక్షుడు సందేహించాడు.

"పులస తినని కల్నలు దేశాన్నేం కాపాడతాడండి" అన్నారు ఉదయభాస్కర్ గారు. సందేహం తీరిపోయింది.

తర్వాత ఆయన వీడ్కోలు సభలో ప్రసంగించారు. "సోదర సోదరీమణులారా. రేపు మన ఆడబిడ్డ సరిహద్దులో నిలబడుతుంది. ఎదుట శత్రువు నిలబడతాడు. అప్పుడు శత్రువు ఒక్క క్షణం ఆలోచించాలి. ఏమని ఆలోచించాలి? ఈ అమ్మాయి వెనక ఎవరున్నారు అని ఆలోచించాలి. ఆమె వెనక నేనున్నానని ఈ సభాముఖంగా సగర్వంగా ప్రకటిస్తున్నాను." చప్పట్లు మోగాయి. సరిహద్దుకు తాను ఎంత వెనక ఉంటారో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

సభ అయ్యాక ఇంట్లో వినీల తండ్రితో నెమ్మదిగా చెప్పింది. "నాన్నా, వాళ్ళు ఆ గేటు దగ్గరికి ఫైలుతో వస్తే నన్ను అక్కణ్ణించే పంపించేస్తారు. ఒకసారి ఆ పేరు పడితే మళ్ళీ రాయడానికి కూడా ఉండదు. రెండేళ్ళు చదివాను. నువ్వు ఒక్కసారి వద్దని చెప్పు."

భీమరాజు తువ్వాలు మడత పెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు. "ఎలా చెప్పనే? ఏనాడైనా ఇంతమంది పెద్దోళ్ళు మన గుమ్మం ఎక్కారా?"

"ఎక్కినోళ్ళు దిగరా ఏంటి" అంది లోవమ్మ పొయ్యి దగ్గర నుంచి.

"నీకు తెలీదు ఊరుకో. ప్రెసిడెంటు గారు నా భుజం మీద చెయ్యేశారు ఇవాళ."

లోవమ్మ ఆ భుజం వైపు ఒకసారి చూసి కూర కలపడంలో పడింది. తండ్రితో పని జరగదని వినీలకు అర్థమైంది. కోపంగా చెబితే ఊరు వినదు, ఏడిస్తే ఊరు ఓదార్చి మరీ వ్యాను ఎక్కిస్తుంది. ఇన్ని నెలలుగా ఆమె గుమ్మం పక్కన నిలబడి సమితిని చూస్తూనే ఉంది. ఎవరు ఏ కుర్చీలో కూర్చుంటారో, ఎవరికి ముందు కాఫీ ఇస్తే ఎవరు తాగకుండా పక్కన పెట్టేస్తారో ఆమెకు తెలుసు.

ప్రయాణానికి ముందురోజు జరిగిన ఆఖరి సమావేశంలో ప్రత్యేక ఆహ్వానితురాలు మొదటిసారి తనంతట తాను మాట్లాడింది.

"ఒక చిన్న సందేహమండి. ఉత్తరాలన్నీ ఒకే ఫైలులో పెడుతున్నారు కదండీ. అన్నిటికన్నా పైన ఎవరి ఉత్తరం ఉండాలండి?"

"అదేం ప్రశ్నమ్మాయ్. గౌరవాధ్యక్షుడిది" అన్నారు ఉదయభాస్కర్ గారు.

"అధ్యక్షుడిదండి" అన్నాడు సురేష్‌బాబు, దాదాపు అదే క్షణంలో.

"గౌరవం ముందా, అధ్యక్షత ముందా?"

"ఊరు గెలిపించినోడు ముందండి."

"ఊరు గెలిపించింది నిన్నా? ఆ ఎన్నికల్లో పంచిన చీరల్ని గెలిపించింది."

"మీరు పంచినవి ఉతికితే రంగు పోయాయి కాబట్టి ఓడిపోయారండి, ఆయ్."

ఇక చెప్పేదేముంది. ఉపాధ్యక్షులు రెండుగా చీలారు. సహ కన్వీనర్లు కన్వీనరుకు ఎదురుగా కూర్చున్నారు. ఫైలు రెండు ఫైళ్ళయింది. గొడవ రెండు ఫైళ్ళలో ఏది ముందు ఇవ్వాలన్న దగ్గర ఆగి, వ్యానులో డ్రైవరు పక్క సీటు ఎవరిదన్న దగ్గరికి వెళ్ళింది. మర్నాడు పొద్దుటికి రెండు వ్యానులు మాట్లాడారు. ఏ వ్యాను ముందు వెళ్ళాలో తేల్చడానికి మధ్యాహ్నం ఒక ఉపసంఘం వేశారు. చర్చ ముగిసేలోగా ఐసు కరిగిపోతుండటంతో, పులసలు వృథా కాకూడదని ఉపసంఘమే పులుసు పెట్టించి, భోజనానంతరం చర్చ కొనసాగించాలని తీర్మానించింది.

ఆ భోజనాల వేళకు లోవమ్మ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని పంచాయతీ ఆఫీసు ముందు నుంచి వెళ్ళింది. బుట్టలో చేపలు లేవు, బ్యాగు ఉంది. పక్కన వినీల నడుస్తోంది. కిటికీలోంచి పులుసు వాసనా, "ముందు మా వ్యాను" అన్న మాటా బయటికి వస్తున్నాయి. ఒకరిద్దరు తలెత్తి చూశారు కూడా. అయితే అక్కడ జరుగుతున్నది వినీల ప్రయాణం గురించిన చర్చ కాబట్టి, దారిన పోతున్న వినీలను పట్టించుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. అబ్బులు దుకాణం మెట్టు దిగి వచ్చి, ఒక టార్చిలైటు బుట్టలో పెట్టాడు.

నరసాపురంలో బస్సెక్కించేటప్పుడు లోవమ్మ అంది, "అన్నం సరిగ్గా తిను. ఎవరు ఏం అడిగినా, తెలిసిందే చెప్పు. తెలీంది తెలీదని చెప్పు."

"వాళ్ళు వెంటపడితేనో?"

"పులుసు తిన్నాక ఎవరు లేస్తారే."

తాడేపల్లిగూడెంలో రైలెక్కి వినీల మర్నాడు బెంగళూరు చేరింది. అక్కడ చాలా రకాల పరీక్షలు పెట్టారు. వాటిలో ఒకటి ఇలా ఉంది. కొంతమంది అభ్యర్థులకు ఒక చెక్క పలక, ఒక తాడు, ఒక పీపా ఇచ్చి, నేల తాకకుండా ఒక గుంట దాటమన్నారు. నాయకుణ్ణి ఎవరూ నియమించలేదు. వెంటనే ఆ గుంపులో ఉన్నవాళ్ళందరూ నాయకులైపోయారు. పలక నాది అని ఒకరు, ముందు నా ప్లాను వినండి అని ఒకరు, పెద్ద పెద్ద స్కూళ్ళ ఇంగ్లీషులో అరుచుకున్నారు. దూరం నుంచి ఒక ఆఫీసరు చూస్తున్నాడు. వినీలకు ప్రాణం లేచొచ్చింది. పరాయి ఊళ్ళో ఇంత తెలిసిన వాతావరణం ఉంటుందని ఆమె అనుకోలేదు. అందరూ ఊపిరి పీల్చుకునే దాకా ఆగి, "పలక ఆ చివర ఎవరు పట్టుకుంటారు?" అని అడిగింది. ఎవరో పట్టుకున్నారు. రెండో చివర తను పట్టుకుంది. గుంట దాటారు. ఆఫీసరు ఏదో రాసుకున్నాడు.

ఇక్కడ లంకపాలెంలో వినీల లేదన్న సంగతి, వ్యానులకు దండలు వేసి, అభ్యర్థినిని పిలవడానికి మనిషిని పంపినప్పుడు బయటపడింది. ఊరు కాసేపు కంగారుపడిన మాట నిజం. ఉదయభాస్కర్ గారు వెంటనే పరిస్థితిని అదుపులోకి తెచ్చారు. "సైనిక వ్యవహారం కదా, గోప్యంగా పంపించాం" అని ప్రకటించారు. సురేష్‌బాబు కూడా అదే ప్రకటన వేరుగా చేశాడు. ఎవరు గోప్యంగా పంపారన్న దాని మీద మళ్ళీ రెండు అభిప్రాయాలు ఏర్పడ్డాయి. రెండు ఫైళ్ళూ ఎవరి బీరువాలో వారివి భద్రంగా ఉండిపోయాయి.

ఇంటర్వ్యూలో వినీల నెగ్గింది. వైద్య పరీక్షలో నెగ్గింది. చలి మొదలయ్యేలోగా ఆఖరి జాబితా వచ్చింది, అందులో ఆమె పేరు ఉంది. జిల్లా పేపరులో ఫోటో పడింది. ఈసారి ఆ ఫోటో పక్కన ఎవరూ లేకపోవడం గమనించి సమితి పేపరువారికి ఒక వివరణ పంపింది.

విజయోత్సవ సభ ఉమ్మడిగా జరిగింది. విజయం వచ్చాక ఊరు చీలి ఉండటం మర్యాద కాదు. అబ్బులు ఒక్కడే మొండిగా, "ఉత్తరాలు అసలు వెళ్ళనే లేదు కదండీ" అన్నాడు. ఉదయభాస్కర్ గారు జాలిగా చూశారు.

"అదే నీకూ నాకూ తేడా అబ్బులూ. నీకు కాగితం కనబడుతుంది, దాని వెనక బలం కనబడదు. ఇన్ని ఉత్తరాలు ఒక పిల్ల కోసం సిద్ధంగా ఉన్నాయన్న సంగతి ఢిల్లీ దాకా తెలియదనుకున్నావా? పంపితే ఒక్కసారే పనిచేస్తాయి. పంపకుండా ఉంచాం కాబట్టి భయపడి ఇచ్చారు."

జనం చప్పట్లు కొట్టారు. వినీలను కూడా పిలిచి శాలువా కప్పారు. మాట్లాడమంటే, "సార్‌లందరికీ నమస్కారం" అంది. అంత వినయం ఈ కాలం పిల్లల్లో లేదని అందరూ మెచ్చుకున్నారు.

వినీల అకాడమీలో చేరే రోజు వరకూ ఆ ఇంటికి జనం రావడం ఆగలేదు. మొదట్లో చూడటానికి వచ్చారు. తర్వాత పనుల మీద రావడం మొదలైంది. ఐసు ఫ్యాక్టరీ వాచ్‌మన్ కొడుకు సైన్యంలో చేరడానికి పెట్టే పరుగు పరీక్షలో వెనకబడ్డాడు. నరసాపురంలో ఎవరి మేనకోడలో ఎన్‌సీసీలో ఉంది. జంగారెడ్డిగూడెం నుంచి ఒకాయన ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి వచ్చాడు. ఎవరూ ఉత్త చేతులతో రాలేదు. అరటి గెలలు వసారాలో చోటు చాలక మంచం కిందికి చేరాయి. భీమరాజు పడవను అద్దెకిచ్చేశాడు. ఎవరో ఆయనకు చేతులున్న కుర్చీ ఒకటి తెచ్చిపెట్టారు. మొదట్లో దాని అంచున కూర్చునేవాడు. నెల తిరిగేసరికి వెనక్కి ఆనుకోవడం వచ్చింది. "రూల్స్ గట్టిగా ఉంటాయండి" అని మొదలుపెట్టడం, కొంచెంసేపు పైకప్పు వైపు చూడటం, "చూద్దాం లెండి" అని ముగించడం ఎవరూ నేర్పకుండానే వచ్చేశాయి.

"అదేంటి నాన్నా, నాకేం తెలుసని, నేనెవరికి చెబుతాను" అని వినీల ఒకసారి అడిగింది.

"చెప్పమని ఎవరన్నారే నిన్ను? చెప్తానన్నానంతే. పెద్దోళ్ళు వచ్చి అడిగితే కాదంటే బాగుంటదా" అన్నాడు భీమరాజు. ఆయన గొంతులో కోపం లేదు, బాధ్యత ఉంది.

డిసెంబరు ఆఖరి వారంలో ఆమె బయలుదేరే రోజు వచ్చింది. బట్టల పెట్టె వీధిలో ఆటోలో పెట్టేశారు. లోవమ్మ అందులో కూర్చుని పెట్టె జారకుండా పట్టుకుని ఉంది. కూతుర్ని రైలెక్కించడానికి తాడేపల్లిగూడెం దాకా తనూ వస్తానని భీమరాజు ముందురోజే అన్నాడు. మంచి చొక్కా కూడా వేసుకున్నాడు. ఆయన్ని పిలుద్దామని వినీల లోపలికి వచ్చింది.

ముందు గదిలో జనం ఉన్నారు. భీమరాజు కుర్చీలో ఉన్నాడు. ఆయన ఎదురుగా చేపల తూకం వేసే చిన్న చెక్కపీట మీద మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని ఉదయభాస్కర్ గారు కూర్చున్నారు. పక్కన ఆయన మనవడు నిలబడి ఫోనులో ఆట ఆడుకుంటున్నాడు. ఆ కుర్రవాడు ఇంకా పరీక్ష రాయలేదు. పరీక్షకు దరఖాస్తు కూడా పెట్టలేదు. ముందు ఇక్కడ ఒక మాట అనుకుంటే తర్వాత అవన్నీ చూసుకోవచ్చని తాతగారు తీసుకొచ్చారు.

"మీరు తలుచుకుంటే ఎంతండి భీమరాజు గారూ" అంటున్నారు ఉదయభాస్కర్ గారు.

భీమరాజు పైకప్పు వైపు చూశాడు. "రూల్స్ చాలా గట్టిగా ఉంటాయండి. అయినా మన పిల్లాడు. అమ్మాయి వెళ్ళేది అక్కడికే కదా, ఒక మాట చెప్పిస్తాను." అప్పుడు గుమ్మంలో కూతురు కనబడింది. "వచ్చావా. రా, ప్రెసిడెంటు గారొచ్చారు. ఆ బాబు పేరూ అవీ రాసుకో."

వినీల తండ్రి ముఖం చూసింది. రెండు రోజులు వరసగా వల ఖాళీగా వచ్చినా ఎవరినీ ఒక మాట అడగని మనిషి ముఖం అది. అందులో ఆ మనిషి కోసం ఆమె కాసేపు వెతికింది. గదిలో వరసగా కూర్చున్నవాళ్ళు, ఆమె ఎవరివైపు చూస్తుందోనని ఒక్కొక్కరూ సర్దుకుని కూర్చుని చిరునవ్వు పెట్టారు. ఆ వరసలో ఈ కథ చదువుతున్న మీరు లేరని మాకు తెలుసు. మీ తాలూకు వాళ్ళెవరో ఉన్నారట, అంతే. వాళ్ళ పని కూడా చూద్దామన్నారు భీమరాజు గారు.

బయట ఆటో హారను మోగింది. వినీల వంగి, గుమ్మంలో విడిచిన చెప్పులు వేసుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.